బడ్జెట్‌లో పేదల పద్దుల కోసం చర్చి నుంచి ఉత్తరాలు: రాయవచ్చా, రాస్తే ఫలితం ఉంటుందా?

ఒహాయో_ప్రవాసి (ప్రశ్న)

అందరికీ వందనాలు. మేము ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ దగ్గర ఉంటున్నాము. మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. ఒక లూథరన్ చర్చి వారు తమ ఉదయపు ఆరాధన ముగిశాక భవనాన్ని మాకు అప్పగిస్తారు, మధ్యాహ్నం మేము కూడుకుంటాము. ఆ చర్చి వారు ఏటా ఒక ఆదివారం ‘ఉత్తరాల కానుక’ జరుపుతారు. బ్రెడ్ ఫర్ ద వరల్డ్ అనే క్రైస్తవ సంస్థ ఆ ఏటికి ఎంచుకున్న ఆకలి సమస్య గురించి సమాచారం పంపుతుంది. అది చదివి సభ్యులు తమ ప్రతినిధుల సభ సభ్యుడికీ, ఇద్దరు సెనేటర్లకూ సొంత చేతిరాతతో ఉత్తరాలు రాసి, డబ్బుతో పాటే కానుకల పళ్లెంలో వేస్తారు. పాస్టరు గారు బల్ల దగ్గర వాటి మీద ప్రార్థన చేశాక పంపిస్తారు. ఈసారి విషయం విక్ పథకం, అంటే గర్భిణులకు, బాలింతలకు, ఐదేళ్లలోపు పిల్లలకు పౌష్టికాహారం ఇచ్చే పథకానికి నిధులు తగ్గించవద్దని కోరడం. మా సంఘాన్ని కూడా కలుపుకుందామని వారు ప్రేమగా అడిగారు.

మా పెద్దల కూటంలో దీని మీద గట్టి చర్చే జరిగింది. రైల్వేలో పనిచేసి రిటైరై కొడుకు దగ్గరకు వచ్చిన ఒక పెద్దాయన “కైసరువి కైసరునకును, దేవునివి దేవునికిని” అన్న వాక్యం ఎత్తి, సర్కారు లెక్కల్లో సంఘం తలదూర్చకూడదని, దూర్చితే పన్ను మినహాయింపు పోతుందని అన్నారు. ఇంకొకరు, మనం నెలనెలా సరుకులు పంచుతూనే ఉన్నాము కదా, అదే పెంచుదాం, ఎవరినో దేబిరించడం ఎందుకన్నారు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు మాత్రం “మన సరుకుల కోసం వరుసలో నిలబడే తల్లుల చేతుల్లో విక్ కార్డులు మీరు చూడలేదా?” అని అడిగారు. ఆ మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు.

సంఘ కార్యదర్శిని కావడం వల్ల వచ్చే కూటం నాటికి వివరాలు తెచ్చే బాధ్యత నా మీద పడింది. చట్ట ప్రకారం చర్చి ఈ పని చేయవచ్చా? నాది హెచ్-1బీ వీసా, మాలో చాలామందిది అదే పరిస్థితి. ఓటు లేనివారి ఉత్తరాన్ని ఎవరైనా లెక్కలోకి తీసుకుంటారా? అన్నిటికంటే ముఖ్యంగా, 2025లో ఇన్ని చర్చిలు మొత్తుకున్నా ఆహార సాయానికి పెద్ద కోత పడనే పడింది కదా, ఇది అరణ్య రోదన కాదా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

సుగుణ_చికాగో

వందనాలండి. మా చర్చిలో కొన్నేళ్లుగా ఈ ఉత్తరాల పని చూస్తున్నాను కాబట్టి తెలిసినంత చెబుతాను.

చట్టం విషయంలో మీ పెద్దాయన భయపడనవసరం లేదు. పన్ను మినహాయింపు ఉన్న చర్చి ఫలానా అభ్యర్థికి ఓటు వేయమనడానికి 1954 నుంచి చట్టంలో నిషేధం ఉంది. ఒక బిల్లు గురించి, ఒక కేటాయింపు గురించి అభిప్రాయం చెప్పడం వేరే సంగతి. అది సంస్థ కార్యకలాపాల్లో పెద్ద భాగం కాకుండా ఉంటే చాలు. ఏడాదికి ఒక ఆదివారం ఉత్తరాలు రాసే సంఘానికి ఆ హద్దు ఎక్కడో దూరాన ఉంటుంది. పార్టీ పేరు, అభ్యర్థి పేరు, ఎన్నికల ప్రస్తావన లేకుండా చూసుకోండి. వీసా సంగతికొస్తే, ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యాంగపు మొదటి సవరణలోనే ఉంది, అది ఓటుతో ముడిపడినది కాదు. జనగణనలో ఇక్కడ నివసించే ప్రతి మనిషినీ లెక్కపెట్టి ప్రతినిధుల సభ స్థానాలు పంచుతారు కనుక మీ ప్రాంతపు సభ్యుడు మీకూ ప్రతినిధే. గ్రీన్‌కార్డు లేనివారు ఎన్నికల చందాలు మాత్రం ఇవ్వకూడదు.

ఇక బ్రెడ్ ఫర్ ద వరల్డ్ పుట్టుక. న్యూయార్క్ నగరంలోని లోయర్ ఈస్ట్ సైడ్ అనే పేదల పేటలో లూథరన్ పాస్టరుగా ఉన్న ఆర్థర్ సైమన్ 1974లో దీనిని ప్రారంభించారు. చర్చి గుమ్మంలోకి వచ్చినవారికి తిండి పెట్టి పంపడం ఒక్కటే సరిపోదని, వారి ఆకలిని పెంచే, తగ్గించే నిర్ణయాలు వాషింగ్టన్‌లో జరుగుతున్నప్పుడు అక్కడా విశ్వాసుల గొంతు వినబడాలని ఆయన తలపోశారు. సంస్థ స్వయంగా సరుకులు పంచదు, అడగడమే దాని పని.

ఫలితం ఉంటుందా అన్నదానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది బర్మింగ్‌హామ్ కథ. 1999లో పేద దేశాల అప్పుల రద్దు కోసం జూబిలీ ఉద్యమం నడుస్తున్నప్పుడు, అలబామాలోని బర్మింగ్‌హామ్ నుంచి కొందరు చర్చి సభ్యులు తమ ప్రతినిధి స్పెన్సర్ బాకస్‌ను కలిసి, అప్పుల వడ్డీ కట్టడానికి ఆఫ్రికా దేశాలు బడులకు, వైద్యానికి ఖర్చు తగ్గించుకుంటున్న తీరు వివరించారు. ఆయన రిపబ్లికన్, సదరన్ బాప్టిస్టు, విదేశీ సాయమంటే ఉత్సాహం చూపే వర్గం వాడు కాదు. కానీ అంతర్జాతీయ ద్రవ్య విధానాన్ని చూసే ఉపసంఘానికి అధ్యక్షుడు. ఆయన ఒప్పుకుని ఆ బిల్లుకు గట్టి మద్దతుదారుడయ్యాడు. 2000 సంవత్సరంలో కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, ఆ పనికి 43.5 కోట్ల డాలర్లు కేటాయించింది. వచ్చినవారు ఎందరన్నది కాదు, ఎవరి నియోజకవర్గం నుంచి వచ్చారన్నది అక్కడ పనిచేసింది.

కైసరు మాట ఎత్తిన పెద్దాయన తీర ఆంధ్ర ప్రాంతం వారైతే ఆయనకు ఒంగోలు చరిత్ర గుర్తుచేయండి. 1876–78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ప్రభుత్వం దగ్గర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, మాదిగ కుటుంబాలకు అక్కడ కూలి పని కల్పించారు. మనుషులను నిలబెట్టింది ఆ సర్కారు కూలి డబ్బే. అదే కరువులో వైస్రాయ్ ప్రభుత్వం పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించాలని సహాయ పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం స్థాయికి దించితే, మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్య అధికారి కార్నిష్ అది మనిషిని బతికించదని వాదించారు. ఆ కూలి ఎంతుండాలన్నదీ బడ్జెట్ ప్రశ్నే. సంఘం సర్కారు లెక్కల జోలికి పోకూడదంటే మన సంఘాల్లో కొన్నిటి పుట్టుకనే పక్కన పెట్టవలసి వస్తుంది.

ఫ్రిస్కో_శామ్యూల్

సుగుణ గారు చెప్పిన వివరాలు విలువైనవే. కానీ రెండో పక్షం కూడా కూటంలో వినబడాలి కాబట్టి రాస్తున్నాను. నేనూ విశ్వాసినే, నా దశమ భాగం తప్పకుండా ఇస్తాను.

పేదవారిని చూడమని లేఖనం చెప్పింది నన్ను, నా సంఘాన్ని. నా పొరుగువాడి జీతంలోంచి పన్ను పట్టి ఇంకొకరికి ఇవ్వమని ప్రభుత్వాన్ని ఒత్తిడి చేయడం ధర్మం చేసినట్టు ఎలా అవుతుందో నాకు బోధపడదు. ఇది నా ఒక్కడి మాట కాదు. పై స్థాయి వ్యవస్థ కింది స్థాయి చేయగల పనిని లాక్కోకూడదన్న సూత్రం కాథలిక్ సామాజిక బోధనలోనే ఉంది, 1931లో పోపు పదకొండవ పయస్ దానిని స్పష్టంగా రాశారు. 2012లో ప్రతినిధుల సభ బడ్జెట్ సంఘం అధ్యక్షుడు పాల్ రాయన్ తన బడ్జెట్ ప్రతిపాదనను సమర్థించుకున్నది దాని ఆధారంగానే. అదే ఏడాది అమెరికా కాథలిక్ బిషప్పులు ఆ ప్రతిపాదనలోని ఆహార సాయపు కోతలు నైతిక పరీక్షలో నెగ్గవని రాశారు, సిస్టర్ సిమోన్ క్యాంప్‌బెల్‌తో పాటు కొందరు సన్యాసినులు బస్సెక్కి అయోవా నుంచి వాషింగ్టన్ దాకా ఊరూరా నిరసన చెప్పారు. ఒకే మతం, ఒకే బోధన, రెండు విరుద్ధ తీర్పులు. అటువంటప్పుడు పళ్లెంలో ఒక్క పక్షం ఉత్తరాలే వేయించి దాని మీద ప్రార్థన చేయడం, అవతలి పక్షం వారి విశ్వాసం తక్కువదని చెప్పినట్టు కాదా?

ఇంకొక ఇబ్బంది ఉంది, దాన్ని ఎవరూ పైకి అనరు. కాథలిక్, లూథరన్ సేవా సంస్థల్లో పెద్దవాటికి ప్రభుత్వ నిధులు పెద్ద మొత్తంలో వస్తాయి. పేదల కోసం అడుగుతున్నారా, తమ పద్దు కోసం అడుగుతున్నారా అని బయటివాడు అనుమానిస్తే తప్పు పట్టలేము. పైగా దేశం అప్పు 36 లక్షల కోట్ల డాలర్లు దాటింది. ఆ వడ్డీ కట్టబోయేది నేడు విక్ పాలు తాగుతున్న పిల్లలే. అప్పు గురించి ఉత్తరాల ఆదివారం పెట్టిన చర్చిని నేనింతవరకు చూడలేదు.

వర్జీనియా_రావు

నేను హిందువును, మీ సంఘ చర్చలోకి దిగే అర్హత నాకు లేదు. కానీ ఒకప్పుడు ఒక కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయంలో ఉత్తరాల విభాగంలో పనిచేశాను, కాబట్టి అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్పగలను.

ఉత్తరం రాగానే మొదట చూసేది చిరునామా, అది మా నియోజకవర్గపు జిప్ కోడ్ కాకపోతే పక్కకు వెళ్లిపోయేది. ఆ తరువాత విషయం, అనుకూలమా ప్రతికూలమా అన్నది కంప్యూటర్లో నమోదయ్యేది. ఒకే మాటలతో అచ్చయిన వందల కార్డులు ఒక కట్టగా, ఒక అంకెగా మారేవి. చేతిరాత ఉత్తరంలో సొంత ఊరి సంగతి ఉంటే అది ఆ విషయం చూసే సహాయకుడి బల్ల మీదకు చేరేది, ఒక్కొక్కసారి వారాంతపు నివేదికలో సభ్యుడి దాకా వెళ్లేది. ఓటు ఉందా లేదా అని ఎవరూ పరిశీలించేవారు కాదు. చాలామందికి తెలియని సంగతి మరొకటి ఏమిటంటే, 2001లో ఆంత్రాక్స్ పొడితో ఉత్తరాలు వచ్చినప్పటి నుంచి కాంగ్రెస్‌కు వెళ్లే తపాలాను వేరేచోట కిరణాలతో శుద్ధి చేసి పంపుతారు. దానివల్ల ఆలస్యం జరుగుతుంది, కాగితం పచ్చబడి పెళుసుగా చేరుతుంది. మీ పాస్టరు గారు ప్రార్థన చేసిన ఉత్తరాలను వాషింగ్టన్‌కు పోస్టు చేయవద్దు. కట్టగా తీసుకువెళ్లి సభ్యుడి స్థానిక కార్యాలయంలో చేతికివ్వండి, కుదిరితే అక్కడి ఉద్యోగితో పావుగంట మాట్లాడండి.

అసలు విషయం ఏ పద్దు ఏ దారిలో నడుస్తుందో తెలుసుకోవడంలో ఉంది. 2025లో ఓడిపోయారు కాబట్టి అంతా వృథా అన్న మీ సందేహానికి జవాబు కూడా అక్కడే దొరుకుతుంది. స్నాప్, అంటే పేద కుటుంబాలు సరుకులు కొనుక్కోవడానికి ఇచ్చే ఆహార సాయం, అర్హులందరికీ చట్టప్రకారం అందవలసినది. దానిలో మార్పు చేయాలంటే చట్టం మార్చాలి. 2025 జులై 4న సంతకమైన చట్టం ఆ పని చేసింది. దానిని రికన్సిలియేషన్ పద్ధతిలో నడిపారు, ఆ పద్ధతిలో సెనేట్‌లో మామూలుగా బిల్లులకు కావలసిన 60 ఓట్లు అవసరం లేదు. ఉభయ పక్షాలు సమానమైతే, మొన్నటి దాకా మీ ఒహాయో సెనేటరుగా ఉన్న ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో 51–50గా గట్టెక్కింది, ప్రతినిధుల సభలో 218–214. స్నాప్ ఖర్చు పదేళ్లలో సుమారు 18,600 కోట్ల డాలర్లు తగ్గుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్కగట్టింది. పార్టీ మొత్తం ఒకే బిల్లు మీద పరువు పెట్టినప్పుడు ఒక సభ్యుడిని ఉత్తరాలతో కదపడం దాదాపు అసాధ్యం. బిషప్పులు కూడా ఆ బిల్లులో గర్భస్రావాలు చేసే సంస్థలకు నిధులు ఆపే అంశాన్ని మెచ్చుకుంటూ, వైద్య, ఆహార సాయాల కోతను ఖండించారు. సభ్యుడు తనకు నచ్చిన వాక్యాన్ని ఏరుకోవడానికి అది సరిపోతుంది.

విక్ దారి వేరు. దానికి ఏటా కాంగ్రెస్ కేటాయిస్తేనే డబ్బు. కేటాయించేది వ్యవసాయ పద్దును చూసే ఉపసంఘం. ఆరోగ్య శాఖ పద్దులో వెతికితే అది కనబడదు. అధ్యక్షుడు పంపే బడ్జెట్ ఒక కోరిక మాత్రమే, ఉభయ సభలు 12 కేటాయింపు బిల్లులు ఆమోదించాకే, అక్టోబరు 1న మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి అది లెక్క అవుతుంది. 2026 ఆర్థిక సంవత్సరపు బడ్జెట్‌లో అధ్యక్షుడు, చిన్నపిల్లలకు పండ్లు కూరగాయల కోసం కార్డులో వేసే నెలకు 26 డాలర్లను 10 డాలర్లకు తగ్గించమన్నారు. 2025 అక్టోబరు 1 నుంచి, కేటాయింపులు ఆమోదం పొందక ప్రభుత్వం మూతపడి, నవంబరు 12న తెరిచిన రోజున చట్టమైన వ్యవసాయ కేటాయింపుల్లో ఆ కోత లేదు. అంతకు ముందు 2024లో డబ్బు చాలక అర్హులను వరుసలో నిలబెట్టవలసి వస్తుందన్న భయం ఏర్పడితే, మార్చిలో 700 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి గండం గట్టెక్కించారు. చర్చిల ఉత్తరాల వల్లే ఇవి జరిగాయని చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు, శిశువైద్యులు, కిరాణా వ్యాపారులు, పాడి రైతులు అందరూ అడిగారు. అయితే సుమారు 67 లక్షల మంది తల్లులు, పిల్లలు ఉన్న పథకాన్ని కోసే పేరు తన మీద పడకూడదని రెండు పార్టీల్లోనూ అనుకునేవారు ఉన్నారు. వారికి ఒక సాకు కావాలి. “మా ఊరి చర్చివాళ్లు వచ్చి అడిగారు” అన్నది చాలా మంచి సాకు.

అందుకని నా అభిప్రాయం ఇది: ఈ పద్దులో మీ ఉత్తరానికి బలం ఉంది, ఆ జులై చట్టంలో లేదు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

సుగుణ_చికాగో

రావు గారికి ధన్యవాదాలు, స్థానిక కార్యాలయం మాట మా చర్చిలోనూ చెబుతాను. శామ్యూల్ గారి అభ్యంతరాలు దాటవేయదగ్గవి కావు, అందుకే విడిగా రాస్తున్నాను.

లేఖనాలు రెండు పక్షాలకూ దొరుకుతాయన్నది నిజమే. 2013లో ప్రతినిధుల సభ వ్యవసాయ సంఘంలో స్నాప్ మీద చర్చ జరిగినప్పుడు ఒక సభ్యుడు “నేను ఆకలిగొంటిని, మీరు నాకు భోజనమిచ్చితిరి” అన్న మత్తయి వాక్యాన్ని చదివితే, టెన్నెసీ ప్రతినిధి స్టీఫెన్ ఫించర్ “ఎవడైనను పనిచేయ నొల్లనియెడల వాడు భోజనము చేయకూడదు” అన్న పౌలు మాటను చదివారు. ఆ ఫించర్ కుటుంబ సేద్యానికి అంతకు ముందు ఏళ్లలో లక్షల డాలర్ల వ్యవసాయ సబ్సిడీలు అందాయన్నది పత్రికల్లో వచ్చింది. వాక్యం ఎవరిదైనా, దానిని చదివేవాడు ఏ పద్దు నుంచి తింటున్నాడో కూడా చూడవలసి ఉంటుంది. ఈ కొలత మా సేవా సంస్థలకూ వర్తిస్తుందని ఒప్పుకుంటాను. విక్ విషయంలో మాత్రం ఆ అనుమానానికి చోటు తక్కువ. డబ్బు చాలావరకు తల్లి చేతిలోని కార్డు ద్వారా కిరాణా కొట్టుకు వెళుతుంది.

సంఘమే చూసుకోవాలన్న మాటను లెక్క వేసి చూద్దాం. రావు గారు చెప్పిన 18,600 కోట్ల డాలర్ల కోతను పదేళ్లకు పంచితే ఏటా 1,860 కోట్లు. ఈ దేశంలో చర్చిలు, ఆలయాలు, మసీదులు, సినగాగులు అన్నీ కలిపి మూడున్నర లక్షలు ఉంటాయని సాధారణంగా చెబుతారు. అంటే ఒక్కొక్క ప్రార్థనాలయం ఏటా 53 వేల డాలర్లు ఇప్పుడున్న చందాలకు అదనంగా పోగుచేసి, అంతా తిండికే ఖర్చు పెట్టాలి, అదీ పదేళ్లపాటు. అద్దె భవనంలో కూడుకునే తెలుగు సంఘాలకు ఏడాది ఖర్చంతా కలిపినా అంత ఉండదు. ఫుడ్ బ్యాంకుల వారు తాము ఒక భోజనం ఇచ్చేచోట స్నాప్ తొమ్మిది ఇస్తుందని చెబుతుంటారు. ఆ తొమ్మిదిలో రెండు తగ్గితే, మన ఒక్కటి మూడు కావాలి. ఇంకో చిక్కు: పేదలు ఎక్కువగా ఉన్నచోటనే చర్చిలు కూడా పేదవి.

ఇరు పక్షాల విశ్వాసులూ కలిసి నిలబడిన సందర్భం కూడా ఉంది. 2011లో ప్రభుత్వం చేయగల అప్పు పరిమితి మీద పెనుగులాట జరిగినప్పుడు కాథలిక్ బిషప్పుల సభ, ఇవాంజెలికల్ జాతీయ సంఘం, సాల్వేషన్ ఆర్మీ, బ్రెడ్ ఫర్ ద వరల్డ్ వంటివి సర్కిల్ ఆఫ్ ప్రొటెక్షన్ అనే కూటమిగా ఏర్పడ్డాయి. లోటు తగ్గించవద్దని వారు అనలేదు. తగ్గించండి, ఆ భారం పేదల పద్దుల మీద వేయవద్దు అన్నారు. శామ్యూల్ గారు అడిగిన అప్పు ప్రస్తావన వారి ప్రకటనలోనే ఉంది. జులై 20న ఒబామాను కలిశారు, కాంగ్రెస్ నాయకుల దగ్గరకూ వెళ్లారు. ఆగస్టు 2న వచ్చిన బడ్జెట్ నియంత్రణ చట్టంలో లోటు తగ్గింపు మీద ఒప్పందం కుదరకపోతే వాటంతట అవే పడే కోతల నుంచి స్నాప్, పేదల వైద్యానికి ఇచ్చే మెడికెయిడ్, వృద్ధులకు వికలాంగులకు ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ మినహాయింపు పొందాయి. 1985 నాటి లోటు చట్టంలోనూ ఇటువంటి మినహాయింపులు ఉన్నాయి కనుక ఘనత అంతా ఈ కూటమిదే అనను. కానీ మినహాయింపు లేనివాటికి ఏం జరిగిందో చూడండి: 2013లో ఆ కోతలు అమలైనప్పుడు హెడ్ స్టార్ట్ అనే శిశు విద్యా పథకంలో 57 వేల మంది పిల్లలకు చోటు పోయింది.

ప్రార్థన విషయంలో మీరన్నదానితో ఏకీభవిస్తాను. మా చర్చిలో వేరే అభిప్రాయం ఉన్నవారు తమ ఉత్తరమే తాము రాసి పళ్లెంలో వేయవచ్చని ముందే ప్రకటిస్తాము. ఒకరిద్దరు అలాగే రాస్తారు కూడా.

ఫ్రిస్కో_శామ్యూల్

మూడున్నర లక్షల లెక్క మీద నాకు వాదం లేదు. అయినా ప్రభుత్వం పెట్టే ఖర్చంతా అవసరమైనదే అన్న ఊహ మీద అది నిలబడింది, అది నేను ఒప్పుకోను. వేరే ఉత్తరం వేయనిస్తారన్నది మాత్రం న్యాయంగా ఉంది. ఒహాయో సోదరుడు తన కూటంలో ఆ నియమం పెడితే, కైసరు మాట అన్న పెద్దాయన కూడా కాదనకపోవచ్చు.

ఒహాయో_ప్రవాసి

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ అచ్చు తీసి పెద్దల చేతికిచ్చాను. ఒంగోలు సంగతి చదివి పెద్దాయన చాలాసేపు మాట్లాడారు. వారి ముత్తాత తరం ఆ కాలువ పనికి వెళ్లినట్టు ఇంట్లో చెప్పుకునేవారట. ఉత్తరం రాయనంటున్నారు గానీ, ఇతరులు రాస్తే అభ్యంతరం లేదన్నారు. పాల్గొనడానికి కూటం ఒప్పుకుంది, వేరే అభిప్రాయం ఉన్నవారి ఉత్తరాలూ పళ్లెంలో పడతాయి.

నా ఉత్తరం తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాశాను, సారాంశం ఇది: “గౌరవనీయులైన ప్రతినిధి గారికి. పేదలను ఆదుకోవడం ప్రతి ప్రభుత్వపు పవిత్ర కర్తవ్యం. ‘దిక్కులేని వారికందరికిని న్యాయము జరుగునట్లు నీ నోరు తెరువుము’ అని సామెతల గ్రంథం చెబుతున్నది. కావున పేదలకు సంబంధించిన అన్ని పథకాలకూ నిధులు పెంచవలసిందిగా కోరుతున్నాను.” రావు గారు దయచేసి చూసి చెప్పగలరా?

వర్జీనియా_రావు

చూశానండి. ఈ ఉత్తరం నా బల్ల మీదకు వచ్చి ఉంటే “పేదల పథకాలు – అనుకూలం” అని ఒక గీత గీసి, సిద్ధంగా ఉన్న జవాబు పంపేవాడిని. అన్ని పథకాలూ అంటే ఆయన ఏదీ చేయనవసరం లేదు.

వాక్యాన్ని ఉంచండి, కర్తవ్యం గురించిన మొదటి మాట తీసేయండి. దాని స్థానంలో మీరెవరో రాయండి: ఫలానా వీధిలో ఫలానా చర్చి భవనంలో కూడుకునే తెలుగు సంఘం, నెలనెలా సరుకులు పంచుతాము, వరుసలో విక్ కార్డులున్న తల్లులు కనిపిస్తున్నారు. పిల్లలు కూటంలో అడిగిన ఆ ప్రశ్న మీ దగ్గరున్న అన్నిటికంటే బలమైన వాక్యం, దాన్ని యథాతథంగా పెట్టండి. ఆ తల్లుల పేర్లు, ఫొటోలు మాత్రం వద్దు. తరువాత ప్రతినిధికి ఒక్క కోరిక: “2027 ఆర్థిక సంవత్సరానికి వ్యవసాయ కేటాయింపుల ఉపసంఘానికి మీరు పంపే అభ్యర్థనలో విక్‌కు అర్హులందరికీ సరిపడా నిధులు, పండ్లు కూరగాయల భత్యంలో కోత లేకుండా అడగండి, అడిగినదీ లేనిదీ మాకు తెలియజేయండి.” ఆ చివరి మాట వల్ల సిద్ధంగా ఉన్న జవాబు పనికిరాకుండా పోతుంది, సహాయకుడు ఎవరినో అడిగి తెలుసుకుని రాయవలసి వస్తుంది. కేటాయింపుల సంఘంలో ఒహాయో నుంచి మార్సీ కాప్టర్, డేవ్ జాయిస్ ఉన్నారు. కొలంబస్ వారికి ఆ ఇద్దరూ ప్రతినిధులు కారు కాబట్టి వారికి రాయకండి, మీ ప్రతినిధి వారితో మాట్లాడాలని అడగండి.

ఇంకొక సంగతి మీ కూటంలో చెప్పండి. 2025 చట్టం ప్రకారం స్నాప్ నిర్వహణ ఖర్చులో రాష్ట్రం వాటా 2026 అక్టోబరు నుంచి సగం కాదు, 75 శాతం. మరుసటి ఏడాది నుంచి, చెల్లింపుల్లో తప్పులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు సాయం ఖర్చులోనూ 15 శాతం దాకా భరించాలి. ఒహాయో రెండేళ్లకొకసారి బడ్జెట్ వేస్తుంది, తరువాతిది 2027 జూన్ నెలాఖరుకు పూర్తి కావాలి. ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తారన్నది మీ కొలంబస్ శాసనసభలోనే తేలుతుంది. అక్కడ సంఘ సభ్యులు స్వయంగా వెళ్లి సాక్ష్యం చెప్పే బహిరంగ విచారణలు ఉంటాయి, వీసా గురించి ఎవరూ అడగరు. వచ్చే ఏటి ఉత్తరాల ఆదివారాన్ని దానికి కేటాయించుకోవచ్చునేమో మీ పాస్టరు గారితో మాట్లాడండి.

ఈ ఏటి పనికి సమయం ఎక్కువ లేదు. సభ్యులు ఉపసంఘానికి అభ్యర్థనలు పంపే గడువు వసంతకాలంలోనే ముగుస్తుంది, కార్యాలయాలు తమ లోపలి గడువును అంతకంటే ముందే పెట్టుకుంటాయి. రేపు స్థానిక కార్యాలయానికి ఫోన్ చేసి ఆ తేదీ అడగండి, దానిని బట్టి ఆదివారం నిర్ణయించుకోండి.